రెండో పంపు

బయలుదేరే మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదు.

ఆ సంగతి తెలియని మనిషి ఉండడని కీర్తి నమ్మకం.

నాంపల్లిలో విజయేందర్ గ్యారేజీ గేటు దాటబోతున్న కారుకు ఎదురుగా వచ్చి, ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన అడగనే అడిగాడు.

"ఏడికి పోతున్నరు సారూ?"

శశికిరణ్ బ్రేకు వేశాడు. పక్కన అతని భార్య కీర్తి అప్పటికే సీటు బెల్టు విప్పుతోంది.

"దిగుతున్నావా?"

"దిగక? కాసిని మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని వెళదాం."

"శ్రీశైలం చేరేసరికి పొద్దుపోతుంది కీర్తీ."

"పోనీ. అసలే ఈ కారు!"

ఆ మాట వెనుక ఎంత కథ ఉందో శశికిరణ్‌కు తెలుసు.

మనసుపడి కొన్న కారు. టర్బో బిగించి ఇంజనుకు బలం పెంచాడు. ఆ బలానికి పెట్రోలు అందించవలసిన పంపును మాత్రం పాతదే ఉంచాడు. ఒక తెల్లవారుజామున, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర, ఆ పంపు కాస్తా చేతులెత్తేసింది. పరుగెత్తే కారు నడిరోడ్డున నిలిచిపోయింది.

వెనుక హారన్ హోరు. టైర్ల కీచు. మసక చీకట్లో ఎక్కడో ధడేల్మన్న చప్పుడు. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

కారుకు ఏదీ తగల్లేదు.

దేవుడే కాపాడాడని శశికిరణ్ తల్లి కొబ్బరికాయ కొట్టింది. కీర్తి మాత్రం ఒకే ఒక్క మాట అంది. "ఇంకొక్కసారి ఆగిందా, దీన్ని అమ్మేయడమే."

అందుకే ఇప్పుడు రెండు పంపులు.

మొదటిది ఎప్పుడూ తిరుగుతుంది. రెండోది నిద్రపోతుంది. యాక్సిలరేటరు గట్టిగా తొక్కగా, టర్బో ఒత్తిడి పెరిగినప్పుడే మేలుకొంటుంది. రెండూ ఎప్పుడూ తిరిగేలా పెడదామని విజయేందర్ అన్నాడు. ట్యాంకులో పెట్రోలు వేడెక్కుతుందని, వెనుక సీటు కింద ఒకటే రొద అని శశికిరణ్ ఒప్పుకోలేదు.

కీర్తి బల్ల మీద కూర్చుంది. పెద్దాయన దగ్గరకు వచ్చాడు.

"తప్పయింది బిడ్డా. అడగొద్దని ఎరుకే. నోరు ఆగలే."

"పరవాలేదండీ."

"శ్రీశైలమా? ఘాట్ రోడ్డు గదా! కారు మంచిగైందా?"

"రెండు పంపులు వేశారు."

"ఒకటి ఆగిపోతే రెండోది లేస్తదా?"

కీర్తి భర్త వైపు చూసింది. శశికిరణ్ విజయేందర్ వైపు చూశాడు. విజయేందర్ పానా తుడుచుకుంటూ పైకప్పు వైపు చూశాడు.

"లేవదా?" అంది కీర్తి.

"టర్బో ఒత్తిడి ఉంటేనే లేస్తుంది," అన్నాడు శశికిరణ్, గొంతు తగ్గించి.

"అంటే మళ్లీ నడిరోడ్డునేనా?"

"నాకు టర్బోల సంగతి తెల్వదు సారూ," పెద్దాయన చేతులు జోడించినంత పని చేశాడు. "ఉరుకుడు తక్కువైతే కానీయుండ్రి. రోడ్డు నడుమ మాత్రం ఆగకుండ జూసుకోండ్రి. ఎన్కల వచ్చేటోని పానం కూడ పానమే గదా!"

శశికిరణ్‌కు చిర్రెత్తింది. విజయేందర్‌ను పక్కకు పిలిచాడు.

"ఎవరీయన? పంపుల దుకాణం దళారీయా?"

"నాకేం ఎరుక అన్నా? పక్క షెడ్డుకు వచ్చిండు. జర సేపు ముచ్చట పెట్టి పోతుంటడు."

"అడగని సలహాలు ఇస్తున్నాడంటే దళారీయే."

"దళారీయో, దేవుడో," కీర్తి వెనుక నుంచి అంది, "రెండూ ఎప్పుడూ తిరగాలి. దేని వైరు దానిది, దేని ఫ్యూజు దానిది. ఏది ఆగినా నాకు తెలిసేలా ముందర ఒక దీపం పెట్టండి."

"అన్నా, జడ్జిమెంటు వచ్చేసింది," అని విజయేందర్ బానెట్టు ఎత్తాడు.

ప్రయాణం మర్నాటికి వాయిదా పడింది. వెళ్లేముందు పెద్దాయన చెయ్యి ఊపాడు. శశికిరణ్ చూడనట్టే తల తిప్పుకున్నాడు.

మర్నాడు ఆనకట్ట దాటి, కొండ ఎక్కుతున్న మలుపులో, ఎర్ర దీపం వెలిగింది.

అద్దంలో వెనుక బస్సు. అటు లోయ.

"ఏమిటది?"

"ఒక పంపు ఆగింది."

కీర్తి అతని భుజం పట్టుకుంది. అతడు కాలు సడలించాడు. టర్బో ఈల సద్దుమణిగింది. కారు మందగించింది. కానీ ఆగలేదు. మలుపు తరువాత మలుపు, మెల్లమెల్లగా, కొండ దానంతట అదే దారి ఇచ్చినట్టు, పైకి చేరింది.

శశికిరణ్ ఇంజను ఆపాడు. తరువాత కీర్తికి నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"అమ్మనులే నీ కారు."

ఎంత కాలానికో గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు శశికిరణ్.

తిరిగి వచ్చాక విజయేందర్ విప్పి చూశాడు. ఆగినది మొదటి పంపే. శశికిరణ్ కోరినట్టే పెట్టి ఉంటే, ఆ మలుపులో, ఆ బస్సు ముందర...

కీర్తి మిఠాయి పొట్లం తీసింది.

"ఆ పెద్దాయన ఏరీ?"

"నిన్ననే పోయిన్రు మేడమ్. ఏ ఊరో, ఏమో."

"అయ్యో!" శశికిరణ్ నిజంగానే నొచ్చుకున్నాడు. "దళారీ అన్నాను. వినలేదు కదా?"

"విన్నడన్నా. నవ్విండు."

"ఎందుకు?"

విజయేందర్ పానా కింద పెట్టాడు.

"మీరు భయపడ్తరని, పోయేదాంక చెప్పొద్దన్నడు. ఆ దినం పోస్టాఫీసు కాడ మీ ఎన్కల వచ్చిన డీసీఎం వ్యాను ఆయనదే. మిమ్మల్ని తప్పియ్యనీకె కరెంటు స్తంభానికి గుద్దిన ఆ బండినే పక్క షెడ్డుల బాగు చేయించుకొని పోయిండు."