బుగ్గలకు మొదటి బహుమతి

“దగ్గుతున్నడు గదమ్మా, తీసుకపో” అని గుమాస్తా సదాశివ బడి గేటు దగ్గర ఒక తల్లిని వెనక్కి పంపేశాడు. “జబ్బు పిల్లలు రావద్దని నిన్ననే డప్పు కొట్టి చెప్పిచ్చినం. ఇయ్యాల మంచిగున్న పిల్లలే కావాలె.”

వరసలో ఆమె వెనకే ఉన్న బాలమణి, చంకలోని మూడేళ్ల మాణిక్ ముఖాన్ని గబగబా కొంగుతో తుడిచింది. సదాశివ వాడి బుగ్గలు చూసి మురిసిపోయి, నలభై ఒకటో నంబరు చీటీ చొక్కాకు గుచ్చాడు.

“పెద్ద డాక్టరు అందరు పిల్లలను చూస్తడా అన్నా?” అని బాలమణి అడిగింది.

“అందరినా? ఆయనకు టైమేడిది. చిన్న డాక్టర్లు కొలుస్తరు, తూస్తరు. ఫస్టొచ్చినోన్నే స్టేజీ మీదికి పిలుస్తడు.”

“అయితే ఫస్టే రావాలె” అనుకుంటూ బాలమణి లోపలికి నడిచింది.

అది బాలల సంవత్సరం. జహీరాబాద్‌లో ఈ ఆరోగ్యవంతమైన పిల్లల పోటీ పెట్టింది పట్నంలోని పెద్ద దవాఖాన వాళ్లు. అక్కడి ప్రొఫెసర్ మదన్‌మోహన్ ఇరవై ఏళ్లుగా పిల్లల మూత్రపిండాల మీద పరిశోధన చేస్తున్నాడు. జబ్బు పిల్లల వివరాలు ఆయన బీరువాలో నిండుగా ఉన్నాయి. వాటితో పోల్చడానికి జబ్బు లేని పిల్లల కొలతలు దొరకలేదు. ఊరికే రమ్మంటే ఎవరూ రారని మొదటి బహుమతిగా ఒక స్టీలు బిందె పెట్టారు. అది స్టేజీ మీద ఎర్రగుడ్డ పరిచిన బల్లపై మెరుస్తూ ఉంది.

బట్టల దుకాణం గిరిజమ్మకు ఇంట్లో బిందెలు చాలానే ఉన్నాయి. ఆమె పేరు కోసం వచ్చింది. పోటీ సంగతి తెలిసిన రోజు నుంచి కొడుక్కి బాదం పప్పు తినిపిస్తోంది. తన ముందు బాలమణి చంకలో ఉన్న మాణిక్‌ను చూశాక ఆమెకు బాదం పప్పు మీద నమ్మకం పోయింది. అప్పుడే బాలమణి నడుము దగ్గర తడిగుడ్డ చుట్టిన చిన్న సీసా కనిపించింది. లోపల లేతపసుపు రంగుది ఏదో ఉంది. పైన చిక్కటి నురగ.

“గదేంది బాలమణీ?”

“ఏం లేదక్కా.”

“ఏం లేకుంటె తడిగుడ్డ చుట్టి ఎందుకు తెస్తవ్?”

బాలమణి సీసాను కొంగు కిందికి జరిపింది. కానీ పక్కనున్న నర్సమ్మది కూడా బాలమణి ఊరు చిరాగ్‌పల్లే. ఆమె గిరిజమ్మ చెవిలో అంతా చెప్పేసింది. బాలమణి మూడు రోజులకోసారి కాంపౌండర్ పీటర్ దగ్గరికి పోతుందట. ఆయన గాజు గొట్టంలో ఏదో పోసి దీపం మీద కాస్తాడట. కాగగానే అది విరిగిన పాలలా తెల్లగా కావడం నర్సమ్మ కళ్లారా చూసింది. నెల తిరగకముందే మాణిక్‌కు చొక్కా గుండీలు పట్టకుండా అయ్యాయి. కాళ్లకున్న వెండి కడియాలు రాకపోతే కంసాలి కోసి తీశాడు.

“టానిక్ అంటవా?”

“కాకుంటె? ఒక్క నెలల గిట్ల బలుస్తరా ఎవరన్న?”

గిరిజమ్మ గొంతు మారింది. “చెల్లే, ఒక్క చెంచ మా వానికి పొయ్యి. దుకాణంల నీకు నచ్చిన చీర తీస్కపో.”

బాలమణి బిత్తరపోయింది. “వద్దక్కా. నీకు దండం పెడ్త. పెద్ద డాక్టరు చేతులనే పెట్టాలె, ఇంకెవ్వలకు ఇయ్యొద్దని పీటర్ మరిమరి చెప్పిండు.”

ఇంత పీనాసిదాన్ని ఎక్కడా చూడలేదని గిరిజమ్మ వరసంతా వినబడేలా అంది.

తూకంలో మాణిక్‌ను మించినవాడు లేడు. డాక్టరు చదువుతున్న కుర్రాడొకడు వాడి పిక్కను బొటనవేలితో నొక్కి చూశాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది. ఎంత మెత్తటి ఒళ్లో చూడమని స్నేహితుడిని పిలిచి చూపించాడు. ఆ స్నేహితుడు ‘పోషణ చాలా బాగుంది’ అని పుస్తకంలో రాసుకున్నాడు.

ప్రొఫెసర్ ముప్పావుగంట మాట్లాడాడు. జబ్బును పుస్తకంలో కాదు, పిల్లవాడిలో చూడాలని తన విద్యార్థులకు చెప్పాడు. చూడడానికి కళ్లు ఉండాలన్నాడు. తర్వాత నలభై ఒకటో నంబరు పిలిచాడు.

బాలమణికి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. బిందె వచ్చినందుకు గాబోలు అనుకున్నారు కింద ఆడవాళ్లు. ప్రొఫెసర్ మాణిక్‌ను ఎత్తుకున్నాడు. ఫోటో తీశారు. తన కొత్త పుస్తకంలో ఆరోగ్యవంతుడైన బాలుడి బొమ్మ ఇదేనని ఆయన అక్కడే ప్రకటించాడు. మాణిక్ నవ్వలేదు. బుగ్గల మధ్య వాడి కళ్లు సరిగా తెరుచుకోలేదు.

బాలమణి బిందె వైపు చూడనైనా చూడలేదు. సీసా తీసి ప్రొఫెసర్ చేతిలో పెట్టింది. ఆమె నోరు తెరిచేలోపే కింద నుంచి గిరిజమ్మ లేచింది.

“గదే సారూ, గది తాపిచ్చే గిట్ల పెంచింది. మాకు ఒక్క చుక్క ఇయ్యలే.”

ప్రొఫెసర్ ముఖం వెలిగిపోయింది. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి, కదిపి, నురగను అందరికీ చూపించాడు. పల్లె తల్లుల తెలివి ముందు పట్నం టానిక్కులు ఎందుకూ పనికిరావన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. విద్యార్థులు పుస్తకాలు తెరిచి కలాలు పట్టుకున్నారు. ఆయన మైకును బాలమణి నోటి దగ్గర పెట్టాడు.

“ఇదేమిటో, రోజుకు ఎంతో అందరికీ చెప్పమ్మా.”

బాలమణి గొంతు సవరించుకుంది.

“మా పిల్లగాడు దినమంత కలిపి పోసే ఉచ్చ గింతే సారూ.”