గోడకు అటువైపు

బెప్పు ఊళ్ళో వేడినీటి ఊట స్నానాలకి ఇంటిల్లిపాదీ వెళ్దామని సత్రానికి ఫోన్ చేసి గది అడుగుతుంటే, నాన్న నా మోచేయి పట్టుకున్నారు.

"ఆడవాళ్ళ కొలనుకీ మగవాళ్ళ కొలనుకీ మధ్య గోడ పైకప్పు దాకా ఉందేమో కనుక్కో, మిహో."

నాకు నవ్వాగలేదు. "ఈ వయసులో తొంగిచూస్తావా నాన్నా?"

ఆయన నవ్వలేదు.

"మీ అమ్మ గోడ మీదుగా కేకేసేది, 'ఏవండోయ్, నేను లేస్తున్నా' అని. అప్పుడు నేనూ లేచేవాణ్ణి. ఇద్దరం ఒకేసారి బయటికొచ్చేవాళ్ళం. తను పోయాక ఒక్కణ్ణే వెళ్ళా. ఎవరూ పిలవలేదు. ఎప్పుడు లేవాలో తెలియక అలాగే కూర్చున్నా. చివరికి తలుపులేసేవాడొచ్చి లేపాడు."

నేను మళ్ళీ ఫోను చెవిన పెట్టుకున్నాను.

"మీ గోడకి పైన సందుందాండీ? కేకేస్తే అటువైపు మా నాన్నకి వినబడాలి."