నేలమాళిగ తాళం

కాలేజీ నేలమాళిగకు తాళం వేసేముందు ముసలి వాచ్‌మన్ రోజూ చీకట్లోకి, "అందరూ బయటికొచ్చేశారా?" అని కేకేసి, కాసేపు ఆగేవాడు. యుద్ధకాలంలో, ఇది కాలేజీ కాకముందు, బాంబులకు దాక్కున్నవాళ్లు లోపలుండగానే ఎవరో చూసుకోకుండా తాళం వేసి పారిపోయారట; మళ్లీ ఎవరూ తియ్యలేదట. అల్లుడికి ఈ కథ మింగుడుపడలేదు. మామ ఎవరినో లోపల దాస్తున్నాడని అతని అనుమానం.

ఈ రాత్రి మామకు జ్వరం. కాపలా అల్లుడిది. కేకెయ్యకుండా, చప్పుడు కాకుండా తాళం బిగించి, అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేశాడు.

"వేసేశాను మామయ్యా. మీ చుట్టం ఎలా బయటపడతాడో చూస్తా."

"కేకేశావా?"

"లేదు."



"తియ్యవయ్యా. చీకటంటే భయం వాళ్లకి."

తలుపు అవతల నుంచి ఎవరో మెల్లగా తట్టారు. అతని మోకాలెత్తున.