హీరో దూకిన బండ

"అవ్వా, నిజంగా ఇక్కణ్ణుంచేనా దూకింది?"

ఝాన్సీలక్ష్మి బండ అంచుకు నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయింది. చాలా కింద తుంగభద్ర. కాలవ కింద వరి పండించే క్యాంపు ఊరి నుంచి భర్తతో వచ్చింది. పెళ్ళయి నెల. ఆ భర్త, బసవపున్నయ్య, అప్పుడే చొక్కా విప్పుతున్నాడు.

"ఈడనుంచే తల్లీ. నేను పక్కనే ఉంటి," అంది ఓబులమ్మ, బాణలిలో మిరపకాయ బజ్జీలు తిప్పుతూ. "ఆయప్పకు చొక్కా తొడిగి గుండీలు పెట్టిందీ నేనే."

రెండేళ్ళ కిందటి దాకా ఓబులమ్మ కంప్లి రైసుమిల్లుకు గోనెసంచులు కుట్టేది. ఇక్కడ తీసిన సినిమా ఆడాక కొంగలబండ హీరోబండ అయింది. ఆదివారం బస్సులు నిండి వస్తున్నాయి. ఆమె బజ్జీలకూ, నది దాటించే దురుగప్ప పుట్టికీ అదే ఆధారం. వచ్చినవాళ్ళు అంచుదాకా పోయి, కిందికి చూసి, నవ్వుకుంటూ వెనక్కి వస్తారు. ఇంతవరకు దూకినవాడు లేడు.

"భయపడలేదా ఆయన?" అడిగాడు బసవపున్నయ్య.

"భయమేందప్పా! నోరే ఎత్తలేదు."

"కింద రాళ్ళు కనబడుతున్నాయి కదవ్వా. దెబ్బ తగల్లేదా?" అంది ఝాన్సీలక్ష్మి.

ఓబులమ్మ చేతిలో గరిటె ఆగింది. పొయ్యి పక్కన బీడీ కాలుస్తున్న దురుగప్ప ఆమెకేసి తీక్షణంగా చూశాడు.

"చెప్పక్కా," అన్నాడు. "దగ్గరుండి చూసినదానివి నువ్వే కదా."

"చొక్కా భుజం కాడ చినిగె, అంతే తల్లీ," అంది ఓబులమ్మ తలెత్తకుండా. "రగతం చుక్క రాలేదు."

"విన్నావా? ఆయనకు లేని ప్రాణభయం నాకెందుకు?"

"మన పంటకాలవలో మోకాలిలోతు దాటి దిగరు మీరు! వద్దండీ, నా మీదొట్టు."

"బస్సులో దారిపొడుగునా హీరో, హీరో అన్నావుగా. ఇప్పుడు నన్ను చూడు."

సినిమాలో లాగే రెండు చేతులూ చాచి దూకాడు.

ఝాన్సీలక్ష్మి అంచుదాకా పాకింది. "ఏమండీ" అని పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. దురుగప్ప బీడీ పారేసి రేవుకేసి పరుగెత్తాడు. కింద నీళ్ళు ఎప్పటిలాగే పోతున్నాయి.

"అవ్వా, ఆ హీరో ఎంతసేపటికి పైకి తేలాడు?"

ఓబులమ్మ ముందు బాణలిలో బజ్జీలు మాడుతున్నాయి.

సినిమా తీసిన ఆ రోజు ఈ బండ మీంచి దూకినవాణ్ణి ఆమే రెండు గోనెసంచుల్లో వరిగడ్డి కుక్కి, దబ్బనంతో కుట్టింది.