అడ్రస్ గడువు

భర్త ఆఫీసు పని మీద వేరే ఊరెళ్లాడు. రాత్రి ఇంట్లో ఆమె ఒక్కతే. నెట్ నత్తనడక నడుస్తుంటే విసుగేసి రౌటర్ పేజీ తెరిచింది. ఆఫీసులో ఆమె రోజూ చేసే పనే అది. అందులో ఇంటి వైఫై వాడుతున్న వాటి వరుసలో ఆమె ఫోను, లాప్‌టాప్, వాటి కింద ఆయన ఫోను కనిపించాయి.

పాతదేమో అనుకుంది. కానీ రౌటర్ ఏ ఫోనుకైనా నెట్ అడ్రస్‌ను కొద్దిసేపటికి మాత్రమే అద్దెకిస్తుంది. గడువు తీరేలోగా ఫోను తనంతట తానే అడిగి పొడిగించుకోవాలి. ఇంట్లో లేని ఫోను అలా అడిగే వీల్లేదు. ఆయన ఫోను ఇప్పుడే అడిగింది.

ఆమె తన ఫోనులో వైఫై ఆపేసి, మామూలు సిగ్నల్ మీద ఆయనకు కాల్ చేసింది.

"ఇంకా పడుకోలేదా?" ఆయన గుసగుసగా అన్నాడు.

"ఎక్కడున్నారు?"

"హోటల్లో. పక్క మంచం మీద మా ఆఫీసాయన నిద్రపోతున్నాడు. ఏమైంది?"

"ఏం లేదు. ఒక్కదాన్నే కదా, భయమేసింది."

"పిచ్చిదానా, నేను లేనూ?"

పెళ్లయిన నాటి నుంచి ఆ మాటకే ఆమె గుండె కుదుటపడేది. ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఇంట్లో సిగ్నల్ అందని చోటు ఒక్కటే, మెట్ల కింది సామాన్ల గది. అక్కడ ఫోను పలికేది వైఫై మీదే. ఆమె చెయ్యి రౌటర్ తీగ మీదికి వెళ్లింది.

"ముందు ఆ హాల్లో లైటు తీసేసి పడుకో. నేను..."

తీగ పీకేసింది. ఆయన మాట అక్కడే తెగిపోయింది.

ఇల్లంతా నిశ్శబ్దం. మెట్ల కింది తలుపు పిడి మెల్లగా తిరగసాగింది.