ఫిర్యాదు

"దుంగ వస్తోంది, చూసుకోండి" అని వెనక నుంచి కేక వేసింది టీచరు.

పడవ నడిపే మనిషి తల తిప్పలేదు.

"ఏమండీ, మిమ్మల్నే."

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

దుంగ పడవ పక్కను రాసుకుంటూ పోయింది. పడవ ఒక్క ఊపు ఊగింది. నీళ్లు ఆమె ఒళ్లోకి చిమ్మాయి.

అప్పుడు అతను వెనక్కి చూశాడు. ఏమీ కాలేదన్నట్టు చెయ్యి ఊపి, మళ్లీ చక్రం పట్టుకున్నాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నది ఒడ్డున ఉన్న ఆ పర్యాటకుల గుడారాల క్యాంపుకు చేరడమే పెద్ద ప్రయాస. వానలకు రోడ్డు తెగిపోయింది. చిన్న విమానం వారానికి ఒక్కసారే వస్తుంది, అందులో సీటు దొరకలేదు. మిగిలింది ఈ పడవ. రెండు గంటలు.

రెండేళ్ల కిందట ఆమె తమ్ముడు స్నేహితులతో ఈ దారినే వెళ్లాడు. ఈతకు దిగినవాడు మళ్లీ ప్రాణంతో పైకి రాలేదు. మూడో రోజున ఎవరో స్థానికుడు శవాన్ని ఒడ్డుకు తెచ్చాడని కాగితాల్లో రాశారు. పేరు రాయలేదు.

ఈమధ్య మంచం పట్టిన అమ్మ ఒకటే మాట పట్టుకుంది.

"నా బిడ్డ కడసారి చూపు దక్కించిన మనిషే. వెళ్లి అతని చేతులు కళ్లకద్దుకుని రావే."

అందుకే వచ్చింది.

పడవ దిగి, తడి బట్టలతోనే ఆఫీసు గుడారంలోకి వెళ్లింది.

"ఆ పడవ మనిషికి పొగరా, చెవుడా?"

మేనేజరు తల గోక్కున్నాడు. "బొత్తిగా వినపడదు మేడమ్. కానీ ఈ నది అతనికి కొట్టిన పిండి."

"చెవిటి మనిషి చేతిలో మా ప్రాణాలు పెడతారా? వెనకాల ఒకరు జారి నీళ్లలో పడి అరిస్తే ఎవరు వింటారు?"

"ఇన్నాళ్లూ ఏమీ జరగలేదు మేడమ్..."

"జరిగాక ఏం లాభం? ఈ నదికి ఒకణ్ణి ఇచ్చాం, మా ఇల్లు చాలు. పుస్తకం ఇవ్వండి."

ఫిర్యాదుల పుస్తకంలో పేజీ నిండా రాసి సంతకం పెట్టింది. పై ఆఫీసుకు కాపీ పంపమంది.

మేనేజరు బయటికి వెళ్లి ఒక చీటీ అతనికి చూపించాడు. అతను దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. లోపలికి వచ్చి లైఫ్ జాకెట్ విప్పి కొక్కేనికి తగిలించాడు. పడవ తాళంచెవి బల్ల మీద పెట్టి, ఒకసారి ఆమె వైపు చూశాడు.

ఆమె ముఖం తిప్పుకుంది.

మంచి పనే చేశానని మనసు కుదుటపడ్డాక, మేనేజరును అసలు సంగతి అడిగింది.

"నేను వచ్చి ఆరు నెలలే మేడమ్. మా వంటావిడ మొదట్నుంచీ ఉంది. రేపు పొద్దున్నే వస్తుంది, అడగండి."

తెల్లవారి టీ గ్లాసు అందిస్తూ వంటావిడ ఆగిపోయింది.

"నీళ్లలో పోయిన ఆ బాబు అక్కగారా మీరు?"

ఆమె తలూపింది.

"పెద్ద పడవల వాళ్లు రెండు రోజులు గాలించి, ఇక దొరకదని వెళ్లిపోయారమ్మా. ఒక్కడే మిగిలాడు. కన్నవాళ్లకు ముఖమైనా చూపించాలి కదా అన్నాడు. ఆ మడుగులో మునగడం, పైకి రావడం, మళ్లీ మునగడం. పొద్దస్తమానం అదే. చాలించమని అందరం బతిమాలాం. వింటేనా?"

"ఆయన ఎక్కడుంటాడు? ఎంత దూరమైనా వెళ్తాను."

"నిన్నటిదాకా ఇక్కడే ఉన్నాడమ్మా. సాయంత్రం మూట కట్టుకుని మా ఇంటి ముందు నుంచే అడవి దారిన నడిచి వెళ్లిపోయాడు. ఎటో చెప్పలేదు. నా అన్నవాళ్లు ఎవరూ లేరు పాపం."

టీచరు ఒడ్డున కట్టేసి ఉన్న పడవ వైపు చూసింది. ఎందుకు వెళ్లాడని అడగలేకపోయింది.

"అన్నిసార్లు అంత లోతుకి దిగితే ఒళ్లు ఊరుకుంటుందా? నెత్తురు కారుతుంటే కూడా మీ తమ్ముణ్ణి భుజాన వేసుకునే ఒడ్డెక్కాడు" అంది వంటావిడ. "ఆ రోజుతోనే రెండు చెవులూ పోయాయమ్మా."