అందని వైరు

ఇండోనేషియాలోని సురబాయాలో ఒక పెళ్ళిలో పాట ఆగగానే మా బ్యాండు పెద్ద జర్వో నా గిటారు వైరు పీకేసి, చిన్న వైర్‌లెస్ డబ్బా తగిలించాడు.

"ఇంకేం తుమినీ, ఊరంతా తిరుగుతూ వాయించొచ్చు. కిందకి దిగు, పెళ్ళిపెద్దలు పిలుస్తున్నారు."

"వైరు అందదండీ" అనబోయి ఆగిపోయాను. ఏడేళ్లుగా ఆ ఒక్క మాటతోనే స్టేజీ దిగకుండా తప్పించుకున్నాను.

మా గాయని రుమి మాత్రం రోజూ దిగేది. నోట్లిచ్చే వంకతో నడుము తడిమేవాళ్ల మధ్య నవ్వుతూ పాడేది. సిగ్గులేనిదనుకునేదాన్ని.

మెట్ల దగ్గర రుమి నా మోచెయ్యి పట్టుకుంది. "భయపడకు అక్కా."

"నీకు భయం వెయ్యదా?"

"నా మైకుకి వైరు తీసేసిన రోజు నీ వైపే చూశాను. నువ్వు తలెత్తకుండా తీగలు శ్రుతి చేసుకున్నావు" అంది.

నా చెయ్యి మాత్రం వదల్లేదు.